పెద్ద ప్లాస్మిడ్‌తో కుస్తీ పడేవాళ్ల కోసం: కాస్9 కోత, నెబ్‌బిల్డర్ హైఫై అతుకు – వాడి చూశాక నా రివ్యూ

ముందే తేల్చి చెప్పేస్తాను. మీ వెక్టర్ (జన్యువుల్ని మోసుకెళ్లే ప్లాస్మిడ్, అంటే గుండ్రటి డీఎన్ఏ) పది కిలోబేస్‌లు, అంటే పదివేల అక్షరాలు, దాటి ఉండి, మీకు కావలసిన చోట పనికొచ్చే రిస్ట్రిక్షన్ సైట్ (రిస్ట్రిక్షన్ ఎంజైమ్ గుర్తుపట్టి కోసే వరస) ఒక్కటీ దొరక్క తల పట్టుకుని కూర్చున్నారా? అయితే న్యూ ఇంగ్లండ్ బయోల్యాబ్స్ కంపెనీ వాళ్ల కాస్9 న్యూక్లియేజ్ అనే డీఎన్ఏ కోత ఎంజైమ్‌తో ట్యూబ్‌లోనే కోసుకుని, వాళ్లదే నెబ్‌బిల్డర్ హైఫై మాస్టర్ మిక్స్ అనే రెడీమేడ్ అతుకు మిశ్రమంతో అతికించుకోండి. ఇంతకన్నా నమ్మకమైన దారి నాకు ఇంతవరకు కనపడలేదు. మీది మూడు నాలుగు కిలోబేస్‌ల మామూలు ప్లాస్మిడ్ అయితే మాత్రం దీని మీద డబ్బు పెట్టకండి. ఫ్రీజర్‌లో ఉన్న ఎకోఆర్1, హిండ్3 లాంటి రిస్ట్రిక్షన్ ఎంజైమ్‌లతో పని హాయిగా అయిపోతుంది.

మా ల్యాబ్ హైదరాబాద్‌లో, పని వరి మీద. జీన్ ఎడిటింగ్ అనగానే ఇప్పుడు మనవాళ్లందరికీ 2025 మేలో ప్రకటించిన డీఆర్ఆర్ ధాన్ 100, అదే కమల, గుర్తొస్తుంది. రాజేంద్రనగర్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థ వాళ్లు సాంబ మసూరిలో ఒక జన్యువును మార్చి తెచ్చిన రకం అది, చాలా గర్వంగా అనిపించిన రోజు. అక్కడ ఎడిటింగ్ జరిగింది మొక్క కణంలో. నేను చెప్పబోయేది వేరే వాడకం: అదే కుటుంబానికి చెందిన ఎంజైమ్‌ని కణంలోకి పంపకుండా, మనం చూపించిన చోట డీఎన్ఏని కోయడానికి ట్యూబ్‌లో వాడుకోవడం.

వరిలోకి జన్యువులు పంపే బైనరీ వెక్టర్లు మామూలుగానే పెద్దవి. మా దగ్గర సీనియర్ల నుంచి జూనియర్ల చేతికి వస్తున్న ఒకటైతే దాదాపు 15 కిలోబేస్‌లు. ఎవరికి ఏం కావాలంటే అది చేరుస్తూ పోయారు, దాంతో 35ఎస్ ప్రమోటర్ (జన్యువుని ఆన్ చేసే వరస) రెండు చోట్ల, నాస్ టెర్మినేటర్ (జన్యువు చివర ఆపే వరస) రెండు చోట్ల తయారయ్యాయి. దాని మధ్యలో ఒక కొత్త ముక్క పెట్టాలి. ఆరు అక్షరాల రిస్ట్రిక్షన్ సైట్ ఏదైనా సగటున 4,096 బేస్‌లకి ఒకసారి తగులుతుంది, అంటే మా వెక్టర్‌లో మూడు నాలుగు చోట్ల. నాట్1 లాంటి ఎనిమిది అక్షరాల ఎంజైమ్‌కి సైట్ 65,536 బేస్‌లకి ఒకటే అనుకున్నా, ఆ ఒక్కటి మనకి కావలసిన చోటే ఉండాలి కదా.

వెక్టర్ మొత్తాన్ని పీసీఆర్ (పాలిమరేజ్ అనే ఎంజైమ్‌తో ట్యూబ్‌లో డీఎన్ఏ కాపీలు తీయడం) చేసేయొచ్చుగా అంటారు కొందరు. చేయొచ్చు. కాని 15 కిలోబేస్‌లు శుభ్రంగా ఒకే బ్యాండ్‌గా రావడమే ఒక యజ్ఞం, వచ్చినా ఎక్కడో ఒక అక్షరం మారిపోయిందేమో అన్న టెన్షన్ పోదు. మొక్కలు తయారై, గింజ వచ్చి, తర్వాతి తరంలో జన్యువు పనిచేయకపోతే తప్పు డిజైన్‌దా, మొక్కదా, లేక పీసీఆర్‌లో పాడైన వెక్టర్‌దా అని వెతుక్కునే ఓపిక ఎవరికుంటుంది? ఈ జోడీ నాకు నచ్చడానికి అసలు కారణం ఇదే. కాస్9తో కోస్తే వెక్టర్ బ్యాక్టీరియా కాపీ చేసిన వెక్టరే, అతుకుల దగ్గర కొంత మేర తప్ప పాలిమరేజ్ దాన్ని ముట్టుకోదు. నానోపోర్ మెషీన్ మీద మొత్తం ప్లాస్మిడ్ సీక్వెన్సింగ్, అంటే అక్షరాలన్నీ చదివించడం, ఇప్పుడు బాగా చవకైంది కాబట్టి చివర్లో ఎలాగూ ఒకసారి చేయించుకుంటాం, అది వేరే సంగతి, కాని సరైన ప్లాస్మిడ్ ఉన్న బ్యాక్టీరియా కాలనీ కోసం ఎన్నిటిని పంపాలి అన్నదే కదా ఖర్చు.

కాస్9 ఎక్కడ కోయాలో చెప్పేది గైడ్ ఆర్ఎన్ఏ. అందులో 20 అక్షరాలు మనం రాసుకుంటాం, డీఎన్ఏలో ఆ 20 అక్షరాల పక్కనే ఏదో ఒక అక్షరం తర్వాత రెండు జీలు ఉండాలి, దాన్నే పీఏఎమ్ అంటారు. పీఏఎమ్‌కి మూడు అక్షరాల ముందు రెండు పోగులూ తెగుతాయి, చివర్లు దాదాపు మొద్దుగా వస్తాయి. 20కి రెండు జీలు కలిపితే 22 అక్షరాలు. అలాంటి వరస యాదృచ్ఛికంగా తగలాలంటే సగటున 17.6 లక్షల కోట్ల బేస్‌లు కావాలి, 15 వేల వెక్టర్‌లో రెండో చోట తగలడం గురించి ఆలోచించే పనే లేదు, మనమే డూప్లికేట్ అయిన భాగంలో గైడ్ పెట్టుకుంటే తప్ప. ఒకటి రెండు అక్షరాలు తేడా ఉన్నా, ముఖ్యంగా ఆ తేడా పీఏఎమ్‌కి దూరంగా ఉన్న చివర ఉంటే, కాస్9 కోసేయగలదు. కాబట్టి వెక్టర్ మ్యాప్ మీద ఆ వెతుకులాట ఒకసారి చేసుకోండి. మా పనికి రెండు 35ఎస్‌ల మధ్య ఖాళీలో రెండు జీలు చాలా చోట్ల దొరికాయి. రిస్ట్రిక్షన్ సైట్ కోసం వారాల తరబడి మ్యాప్ వంక చూసినవాళ్లకి ఆ ఎంచుకునే స్వేచ్ఛ ఎంత హాయో మాటల్లో చెప్పలేను.

గైడ్ తయారీకి వాళ్ల ఎన్‌జెన్ ఎస్‌జీఆర్ఎన్ఏ కిట్ వాడాం. ఒక్క డీఎన్ఏ ఒలిగో (పొట్టి డీఎన్ఏ పోగు) ఆర్డర్ ఇస్తే చాలు, మిగతా సగం కిట్‌లోనే ఉంటుంది, 37 డిగ్రీల దగ్గర అరగంటలో గైడ్ తయారు. గైడ్ ఆర్ఎన్ఏని రాసే టీ7 పాలిమరేజ్‌కి మొదటి అక్షరం జీ కావాలి, మీ 20 అక్షరాలు జీతో మొదలవకపోతే ముందొక జీ చేర్చండి. అన్నిటికన్నా ముఖ్యం, ఒలిగోలో పీఏఎమ్ రాయకూడదు. అది టార్గెట్ డీఎన్ఏలో ఉండాల్సిందే తప్ప గైడ్‌లో కాదు. కొత్తగా వచ్చిన స్టూడెంట్లకి నేను మొదట చూపించేది ఈ ఒక్క విషయమే. ఇక ఆర్ఎన్ఏ పని కాబట్టి బెంచ్ శుభ్రం, కొత్త టిప్ బాక్స్, గ్లవ్స్ మార్చుకోవడం మామూలే. మినీప్రెప్‌లో (బ్యాక్టీరియా నుంచి ప్లాస్మిడ్ తీసే పని) ఆర్ఎన్ఏని తినేసే ఆర్ఎన్ఏజ్ పోసే పిపెట్‌ని ఈ పనికి తీసుకోకండి.

కోత ప్రొటోకాల్ తేలిక. 30 మైక్రోలీటర్ల రియాక్షన్‌లో కాస్9, గైడ్ చెరో 30 నానోమోలార్, డీఎన్ఏ 3 నానోమోలార్, అంటే 10:10:1. ముందు కాస్9నీ గైడ్‌నీ గది వేడిమిలో పది నిమిషాలు కలిపి ఉంచి, తర్వాత డీఎన్ఏ వేసి 37 డిగ్రీల దగ్గర పావుగంట. నేను గంట పెడతాను, పెద్ద ప్లాస్మిడ్ కదా.

తర్వాతి స్టెప్ మీద మాత్రం చాలామందికి శ్రద్ధ ఉండదు. కాస్9 కోసిన తర్వాత డీఎన్ఏని వదలదు. మామూలు రిస్ట్రిక్షన్ ఎంజైమ్ ఒక చోట కోసి ఇంకో చోటికి పోతుంది, ఇది మాత్రం తెగిన చివర్లను పట్టుకునే ఉంటుంది. పైన చెప్పిన నిష్పత్తిలో ఎంజైమ్ పది రెట్లు ఉండడానికి కారణమూ అదే. మా జూనియర్లకి చూపించడానికి డీఎన్ఏని సైజు ప్రకారం విడగొట్టే ఒకే జెల్ మీద మూడు లేన్లు వేశాం. మొదటిది కోయని ప్లాస్మిడ్. రెండోది కోసి నేరుగా లోడ్ చేసింది: బ్యాండ్ ఉండాల్సిన చోట పల్చటి మరక, వెల్ అంచున మెరుస్తూ నిలిచిపోయిన డీఎన్ఏ, చూడగానే కోత ఫెయిలైందనే అనుకుంటారు. మూడోది అదే ట్యూబ్‌లోంచి తీసి ప్రొటీన్లని తినేసే ప్రొటీనేజ్ కె వేసి పది నిమిషాలు ఉంచింది: 15 కిలోబేస్ దగ్గర గీత గీసినట్టు ఒక్కటే బ్యాండ్, అడుగున గైడ్ ఆర్ఎన్ఏ తాలూకు చిన్న మచ్చ. ఆ రెండో లేన్ చూసి గైడ్ పనికిరాలేదని పారేసినవాళ్లు ఎంతమందో! ప్రొటీనేజ్ కె వేశాక దాన్ని డీఎన్ఏ శుభ్రం చేసే కాలమ్ మీద పూర్తిగా కడిగేయడం కూడా అంతే ముఖ్యం, లేకపోతే అతికించే మిక్స్‌లోని ఎంజైమ్‌లనే అది తినేస్తుంది. పెద్ద డీఎన్ఏ కాబట్టి కాలమ్ నుంచి దింపే బఫర్‌ని 50 డిగ్రీలకి వేడి చేసి పోయండి, దిగుబడిలో తేడా కనిపిస్తుంది. ట్యూబుల్ని గిరగిరా కుదిపే వోర్టెక్స్ జోలికి పోవద్దు.

ఇక అతుకు. నెబ్‌బిల్డర్ వెనకున్నది 2009లో డేనియల్ గిబ్సన్ బృందం వెంటర్ ఇన్‌స్టిట్యూట్‌లో తెచ్చిన పద్ధతే. ఒక్క ట్యూబ్, 50 డిగ్రీలు, మూడు ఎంజైమ్‌లు. ఎక్సోన్యూక్లియేజ్ ప్రతి ముక్క 5 ప్రైమ్ చివర్లని (డీఎన్ఏ పోగు మొదలయ్యే కొసలని) కొరుక్కుంటూ పోతుంది, ఒంటి పోగులు బయటపడతాయి. రెండు ముక్కల చివర్లలో ఒకే వరస ఉంటే, తాళ్ల కొసలు విప్పి ఒకదాంట్లో ఒకటి పేనినట్టు అవి చుట్టుకుంటాయి, పాలిమరేజ్ ఖాళీలు పూరిస్తుంది, లైగేజ్ ముడి బిగిస్తుంది. ఏడాది తిరిగేసరికి, 2010లో, ఇదే ఇన్‌స్టిట్యూట్ వాళ్లు పది లక్షల బేస్‌లు దాటిన బ్యాక్టీరియా జీనోమ్‌ని రసాయనికంగా తయారుచేసిన ముక్కల నుంచి కట్టి, అది కణాన్ని నడపగలదని చూపించారు. కాస్9ని ఇలా గైడ్‌తో ఎక్కడికైనా పంపి కోయించవచ్చని డౌడ్నా, షార్పాంటియే బృందాలు చూపించింది 2012లో, దానికి 2020లో నోబెల్ వచ్చింది. 2015కల్లా ఈ రెండింటినీ జతచేసిన పనులు వచ్చేశాయి. అందులో క్యాచ్ అనే పద్ధతి నాకు చాలా ఇష్టం: బ్యాక్టీరియాని అగరోజ్ ముద్దలో పెట్టి, జీనోమ్ విరగకుండా అక్కడే కాస్9తో కోసి, 100 కిలోబేస్‌ల దాకా ఒకే ముక్కగా తీసి గిబ్సన్‌తో వెక్టర్‌లో అతికించేశారు. మా 15 కిలోబేస్‌లు దాని ముందు ఏపాటి!

హైఫై మిక్స్ మామూలు గిబ్సన్ మిక్స్ కన్నా ఎందుకు మేలంటే, చివర్లలో సరిపోలని కొద్ది అక్షరాలు ఉన్నా వాటిని కత్తిరించి అతికిస్తుంది. కాస్9 ప్రతిసారీ అక్షరం పొల్లు పోకుండా కోయదు, అప్పుడప్పుడు ఒక అక్షరం అటూ ఇటూ అవుతుంది, కాబట్టి ఈ గుణం మనకి నేరుగా ఉపయోగం. ప్రైమర్లలో (పీసీఆర్ మొదలుపెట్టే పొట్టి డీఎన్ఏ పోగులు) అతివ్యాప్తి, అంటే పక్క ముక్కతో కలిసే వరస, రెండు మూడు ముక్కలకి 15–20 అక్షరాలు, నాలుగు నుంచి ఆరు ముక్కలకి 20–30 అని వాళ్లు చెప్తారు. నేను రెండు ముక్కలకి కూడా 25 పెడతాను, ప్రైమర్ ధరలో పెద్ద తేడా రాదు. టైమ్ 50 డిగ్రీల దగ్గర పావుగంట చాలంటారు, ముక్కలు ఎక్కువైతే గంట. మిక్స్ కొంచెం చిక్కగా ఉంటుంది, టిప్ చివర అంటుకుని వేలాడుతుంది. మెల్లగా పీల్చి మెల్లగా వదలండి, లేకపోతే 10 మైక్రోలీటర్లు అనుకున్నది ఎనిమిదే పడుతుంది.

లెక్క దగ్గర ఒక మాట. దీన్ని నానోగ్రాములతో ఆలోచించకండి, పికోమోల్‌లతో, అంటే అణువుల సంఖ్యతో, ఆలోచించండి. ప్రతివాళ్లూ 50 నానోగ్రాముల వెక్టర్ వేశాం అంటారు. మూడు కిలోబేస్‌ల ప్లాస్మిడ్ అయితే అది దాదాపు 0.027 పికోమోల్, 15 కిలోబేస్‌లు అయితే 0.0054. అంటే ట్యూబ్‌లో వెక్టర్ అణువులు ఐదో వంతే, కాలనీలు రాలేదని మిక్స్‌ని తిడితే ఏం లాభం? రెండు మూడు ముక్కలకి మొత్తం కలిపి 0.03 నుంచి 0.2 పికోమోల్ ఉండాలి. పైన చెప్పిన 30 మైక్రోలీటర్ల కాస్9 రియాక్షన్‌లో 15 కిలోబేస్‌ల వెక్టర్ పట్టేది సుమారు 0.8 మైక్రోగ్రాములు, కాలమ్‌లో కొంత పోతుంది, అందుకని రెండు రియాక్షన్లు పెట్టి ఒకే కాలమ్ మీద పోసుకోవడం మంచిది. ఇన్సర్ట్, అంటే చేర్చే కొత్త ముక్క, వెక్టర్‌కి రెట్టింపు మోల్స్. శుభ్రం చేయని పీసీఆర్ ప్రాడక్ట్ నేరుగా వేస్తే మొత్తం వాల్యూమ్‌లో 20 శాతం మించనీయకండి.

నచ్చనిది కూడా చెప్పాలి. చివర్లు కొరికే పద్ధతులన్నిటికీ ఉన్న సమస్య దీనికీ ఉంది: అతుకు దగ్గర్లో రిపీట్లు (వేరేచోట కూడా ఉన్న అదే వరస) ఉంటే తప్పు జోడీ కడుతుంది. రెండు నాస్ టెర్మినేటర్లలో ఒకదాని పక్కనే అతుకు పెట్టిన మా ల్యాబ్‌మేట్ ప్లేట్ నిండా కాలనీలు వచ్చాయి, చాలావాటిలో మధ్య ముక్క ఎగిరిపోయి వెక్టర్ చిన్నదైపోయింది. కోత ఎక్కడైనా పెట్టుకోగలం కాబట్టి రిపీట్‌కి కొన్ని వందల బేస్‌ల దూరం జరగండి, కాస్9 ఇచ్చే సౌకర్యం పూర్తిగా దక్కేది అప్పుడే. రెండో లోటు, గైడ్‌లన్నీ ఒకేలా కోయవు. ఒక్క చోటికి రెండు గైడ్‌లు డిజైన్ చేసుకుని, ముందు కొంచెం డీఎన్ఏ మీద రెండిటినీ చూసి, బాగా కోసినదాంతో పెద్ద రియాక్షన్ పెట్టాల్సిందే. కోయకుండా మిగిలిన వెక్టర్ కొంచెమైనా సరే, అది అతికిన ప్లాస్మిడ్ కన్నా ఎన్నో రెట్లు తేలిగ్గా బ్యాక్టీరియాలోకి దూరి ప్లేట్ నింపేస్తుంది.

అతికిన ప్లాస్మిడ్‌ని ఎక్కించే బ్యాక్టీరియా విషయంలో పిసినారితనం వద్దు. ల్యాబ్‌లో చేసుకున్న డీహెచ్5 ఆల్ఫా సెల్స్ చిన్న ప్లాస్మిడ్లకి బ్రహ్మాండం, 15 కిలోబేస్‌లు దాటితే చేతులెత్తేస్తాయి. కంపెనీ కూడా ఆ సైజు దాటితే 10-బీటా సెల్స్ వాడమంటుంది, మాకు తేడా మొదటి ప్లేట్‌లోనే కనిపించింది. ఎలక్ట్రోపొరేషన్ (కరెంటు షాక్‌తో డీఎన్ఏని సెల్స్‌లోకి పంపడం) చేసేవాళ్లు మిక్స్‌ని నీళ్లతో పలచన చేయకుండా క్యువెట్‌లో వేస్తే ఉప్పు వల్ల టప్‌మని స్పార్క్ వచ్చి సెల్స్ అన్నీ పోతాయి.

పోటీలో ఉన్నవాటి గురించి త్వరగా. టకారా వాళ్ల ఇన్-ఫ్యూజన్ కూడా మంచిదే, 15 అక్షరాల అతివ్యాప్తితో ఒకటి రెండు ముక్కలకి చక్కగా పనిచేస్తుంది, ల్యాబ్‌లో ఇప్పటికే ఉంటే దాన్నే కాస్9 కోతతో కలిపి వాడండి. గోల్డెన్ గేట్ పద్ధతి చాలా ముక్కలు వరసగా కట్టడానికి రారాజు, కాని వెక్టర్‌లో అది వాడే బీఎస్ఏ1 ఎంజైమ్ సైట్లు అడ్డం రాకూడదు, మా పాత వెక్టర్‌లో అవి అడుగడుగునా ఉన్నాయి. రెండు జీలు దొరకని, ఏ, టీలతో నిండిన ప్రాంతమైతే అదే కంపెనీ అమ్మే కాస్12ఎ చూడండి. దానికి పీఏఎమ్‌గా మూడు టీలు, ఆ తర్వాత టీ కాని అక్షరం కావాలి, గైడ్ కూడా చిన్నది, చివర్లు మొద్దుగా కాకుండా మెట్టులా తెగుతాయి. ఇక డబ్బు బొత్తిగా లేని ల్యాబ్‌లు టీ5 ఎక్సోన్యూక్లియేజ్, ఫ్యూజన్ పాలిమరేజ్, ట్యాక్ లైగేజ్ విడిగా కొని గిబ్సన్ మిక్స్ సొంతంగా కలుపుకోవచ్చు, రెసిపీ 2009 పేపర్‌లోనే ఉంది. రెండు ముక్కల పనికి అది నిజంగా సరిపోతుంది. మూడు దాటినా, కాస్9 చివర్లు ఉన్నా, నేను హైఫైకే ఓటేస్తాను.

ఖరీదు మాటకొస్తే, కాస్9 ట్యూబ్ చూడ్డానికి ఖరీదే గాని ఒక్కో రియాక్షన్‌కి ఒక పికోమోల్ లోపే ఖర్చవుతుంది, జాగ్రత్తగా వాడితే చాలాకాలం వస్తుంది. అసలు బరువు మాస్టర్ మిక్స్‌ది. 10 రియాక్షన్ల చిన్న ప్యాక్ కొనకండి, పక్క ల్యాబ్‌తో కలిసి 50ది తీసుకుని మొదటి రోజే చిన్న ట్యూబుల్లో పంచుకోండి. చాలామంది 20 మైక్రోలీటర్లకి బదులు 10తో చేసేస్తారు, రెండు ముక్కలకి మాకూ బాగానే వచ్చింది. ముక్కలు పెరిగితే మాత్రం కక్కుర్తి పడొద్దు. పెద్ద వెక్టర్ల పనికి ఐదుకి నాలుగున్నర ఇస్తాను, ఆ అర మార్కు కోసింది గైడ్‌ల అనిశ్చితికి.

డెలివరీ గురించి ఒక ఫిర్యాదు ఉంది, అది ప్రాడక్ట్‌ది కాదు. మాకు సరఫరా చేసిన డీలర్ ఒకసారి పెట్టెను శుక్రవారం పంపాడు, అది సెలవులన్నీ అయ్యాక ఏప్రిల్ ఎండలో మా గేటు దగ్గరికి చేరింది, లోపల జెల్ ప్యాకులు నీళ్లలా ఊగుతున్నాయి. ఆ మిక్స్ మామూలు కంట్రోల్ రియాక్షన్‌లో కూడా కాలనీలు ఇవ్వలేదు, మార్చి ఇవ్వడానికి వాళ్లు నానా తిప్పలు పెట్టారు. ఆర్డర్‌లోనే సోమవారం గాని మంగళవారం గాని బయల్దేరేలా పంపమని రాయించండి. పెట్టె రాగానే డెలివరీ అబ్బాయి ఎదురుగానే తెరిచి, ప్యాకులు గట్టిగా ఉన్నాయో లేదో నొక్కి చూసి, ఫోటో తీసుకుని, అప్పుడు సంతకం పెట్టండి.